సిరల గుండ ఆహారము

ఇంటిలో ఎవరికైనను నాలుగు దినములు జ్వరము తగిలి నోటికి అన్నము సహింపనిచో, "ఒక గ్లూకోసు సీసా ఎక్కించండి, ఓపిక వచ్చును" అని వైద్యుని అడుగుట మనకు పరిపాటి. ఆ సీసాలో ఏమున్నదో లెక్క చూతము. నూటికి అయిదు పాళ్ల గ్లూకోసు గల అర లీటరు ద్రవములో చక్కెర 25 గ్రాములు మాత్రమే. దాని శక్తి 100 కేలరీలకు మించదు. అనగా రెండిడ్లీల పాటి. దేహమునకు నీరందించుట దాని పని, పోషించుట కాదు.

మంచము పట్టిన పెద్దవారికి సయితము దినమునకు సుమారు 1500 కేలరీలు కావలెను. ఆ సీసాలతోనే ఇయ్యదలచినచో ఏడెనిమిది లీటర్లు ఎక్కింపవలసివచ్చును. గుండెయు మూత్రపిండములును అంత నీటిని భరింపజాలవు. పోనీ, చక్కెర పాలు పెంచుదమన్నచో చేతి సిర (వాడుకలో మనము నరమందుము) సన్ననిది; చిక్కని ద్రవమునకు వాచి, రక్తము గడ్డకట్టి మూసికొనిపోవును. ప్రేగులు పనిచేయని రోగులు పలువురు, శస్త్రచికిత్స చక్కగా జరిగియు, ఈ చిక్కు వలననే కృశించి మరణించెడివారు.

1960ల దశకములో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున స్టాన్లీ డడ్రిక్ అను శస్త్రవైద్యుడు దీనికి త్రోవ కనుగొనెను. గుండె చెంతనున్న పెద్ద సిరలో రక్తము వడిగా పారును. అచట పడిన చిక్కని ద్రవము క్షణములో పలుచబడును. సన్నని గొట్టము నంతవరకు పంపి గ్లూకోసు, ఎమినో ఆమ్లములు, లవణములు, విటమినులు కలిపి రేయింబవళ్లు ఎక్కించెను. మొదట బీగిల్ జాతి కుక్కపిల్లలకు. నోట ఏమియు పెట్టకయే అవి చక్కగా ఎదిగెను. పిదప 1967లో, ప్రేగు సరిగా ఏర్పడక పుట్టిన ఒక ఆడశిశువునకు. ఆ బిడ్డ బరువు పెరిగెను, పొడవు పెరిగెను. రెండేండ్లు నిండకమునుపే మరణించెను. దానిని ఓటమి యనుటకు నాకు మనసొప్పదు. నోట మెతుకు పెట్టకయే మనుష్యశిశువు ఎదుగగలదని లోకమునకు తెలిసినది ఆమె వలననే.

సిరలో ఎక్కింపదగిన క్రొవ్వును, సోయా నూనెతోను గ్రుడ్డుసొనలోని పదార్థముతోను, స్వీడను దేశీయుడు ఆర్విడ్ వ్రెట్లిండ్ ఆ దశకమందే సిద్ధపరచెను.

అయితే ఇది కోరి తెచ్చుకొనదగిన భోజనము కాదు. గొట్టమునకు అంటిన సూక్ష్మజీవులు నేరుగా రక్తమున ప్రవేశించును. చిరకాలము వాడినచో కాలేయము చెడవచ్చును. బహుదినములు పస్తున్నవానికి ఒక్కసారిగా ఎక్కువ ఇచ్చినచో రక్తములోని భాస్వర లవణములు పడిపోయి ప్రాణమునకే ముప్పు. ప్రేగు ఏమాత్రము పనిచేయుచున్నను వైద్యులు ముక్కు గుండ గొట్టము వేసి కడుపునకే ఆహారమందింతురు.

ప్రేగు బొత్తిగా లేనివారు కొందరు నేడు రాత్రివేళ ఇంటనే ఈ ద్రవమును తగిలించుకొని నిద్రింతురు. తెల్లవారి గొట్టము మూసి తమ పనికి పోవుదురు.