వ్యాధి వ్రాయించిన దినచర్యలు

1822 డిసెంబరులో ఇరవై ఎనిమిదేండ్ల అగస్టస్ డెస్టె స్కాట్లండు కొండసీమలోని ఒక బంధువును చూడబోయినాడు. ఆయనపై డెస్టెకు కన్నతండ్రిపై ఉన్నంత ప్రేమ. చేరేసరికి ఆ పెద్దమనిషి ప్రాణం పోయి ఉన్నది. అంత్యక్రియల వేళ నలుగురిలో కన్నీరు పెట్టరాదని ఎంత బిగబట్టుకొన్నా ఆగలేదట. ఆ తరువాత అతని చూపు మసకబారినది. వచ్చిన ఉత్తరాలను ఇతరులచేత చదివించుకొన్నాడు. జవాబులు వారిచేతనే వ్రాయించినాడు. కొంతకాలానికి ఏ మందూ లేకుండానే చూపు తేటపడినది. ఏడ్పువల్ల వచ్చిన బాధ ఏడ్పుతోనే పోయినదని ఎవరైనా అనుకొని ఉంటే వారిని తప్పుపట్టవలసిన పనిలేదు.

డెస్టె ఇంగ్లండు రాజు మూడవ జార్జికి మనుమడు. రాజానుమతి లేకుండా తండ్రి చేసికొన్న వివాహం చెల్లదనడంతో కుమారునికి రాజవంశపు హోదా దక్కలేదు. ఆ హోదాకై అతడు పడిన తంటాలను నేడు తలచేవారు అరుదు. 1822 మొదలు 1846 వరకు తన శరీరంలో వచ్చిన మార్పులను గూర్చి వ్రాసిపెట్టిన దినచర్యవల్లనే అతని పేరు నిలిచినది. 1827లో ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో ఉండగా ఒక్కొక్క వస్తువు రెండుగా కనిపించసాగినది. అది సర్దుకొన్నదో లేదో కాళ్ళు పట్టు తప్పినవి. కొన్నాళ్ళకు మళ్ళీ లేచి నడిచినాడు. రాను రాను తిమ్మిరి, మూత్రంపై అదుపు తప్పడం, రాత్రివేళ కాళ్ళు బిగుసుకొనడం ఒకటి వెంట ఒకటి వచ్చినవి. వైద్యులు చెప్పినదల్లా చేసినాడు. ఒకరు దినానికి రెండు మార్లు గొడ్డుమాంసం, దానితోపాటు మద్యం పుచ్చుకొమ్మన్నారు. ఒళ్ళు రుద్దించుకొన్నాడు; ఔషధజలాలలో స్నానాలు చేసినాడు; విద్యుత్తు సైతం పెట్టించుకొన్నాడు. ఫిర్యాదుకంటె వివరమే ఎక్కువగా ఉన్న వ్రాత అది. తన ఒంటిని పరాయివానివలె ప్రక్కన నిలబడి చూచినాడా అనిపిస్తుంది.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. డెస్టె బ్రతికి ఉండగానే, 1838లో, రాబర్ట్ కార్స్‌వెల్ అనే వైద్యాచార్యుడు లండనులో ఒక చిత్రసంపుటం ప్రకటించినాడు. మృతుల వెన్నుపాముపై రంగు మారిన మచ్చలు అందులో ఉన్నవి. మచ్చలను చిత్రించినవానికి రోగి కథ తెలియదు. కథ వ్రాస్తున్న రోగికి మచ్చల సంగతి తెలియదు. ఆ రెండింటినీ జతపరచి, దీనిని ఒక ప్రత్యేక వ్యాధిగా నిరూపించి పేరు పెట్టిన ఘనత పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో పనిచేసిన షార్కోది. అది 1868. డెస్టె 1848లోనే మరణించినాడు. అతని దినచర్య అచ్చయినది 1948లో. ఇరవై ఏండ్లకుపైగా తాను వర్ణించిన జబ్బు పేరును అతడు ఒక్కనాడైనా వినలేదు.

ఆ పేరే నేటి మల్టిపుల్ స్క్లిరోసిస్. అనేక చోట్ల గట్టిపడడమని ఆ మాటకు అర్థం. తెలుగులో దీనికి జనం నోట నిలిచిన పేరేదీ లేదు. ‘నరాల బలహీనత’ అనే గోతాములో ఎన్ని జబ్బులను వేసి మూతి కట్టుతున్నామో, ఇదీ అందులోనే పడిపోతున్నది. మెదడులోను, వెన్నుపాములోను, కంటినరాలలోను ఉండే నాడీతంతువులకు మైలిన్ అనే కొవ్వుతో కూడిన తొడుగు ఉంటుంది. విద్యుత్ తీగపై రబ్బరు తొడుగు వంటిది అది. దేహాన్ని కాపాడవలసిన రక్షణశక్తే దారితప్పి ఈ తొడుగును తినివేస్తుంది. కంచే చేను మేయడమన్నమాట. ఏ చోట తొడుగు పోతే ఆ చోటికి తగిన బాధ. ఒకరికి చూపు, ఒకరికి నడక, ఒకరికి చేతి పట్టు. పెక్కుమందికి మొదట వచ్చిపోతూ ఉంటుంది. కొందరికి ఆరంభం నుండే మెల్లమెల్లగా ముదురుతుంది. ప్రపంచంలో సుమారు 28 లక్షలమందికి ఈ వ్యాధి ఉన్నదని 2020లో లెక్కకట్టినారు. ఇరవై, నలభై ఏండ్ల నడుమ బయటపడడం ఎక్కువ. పురుషులకంటె స్త్రీలకు రెండింతలకు తక్కువ కాకుండా వస్తున్నది. ఎప్స్టీన్–బార్ అనే వైరస్ సోకిన తరువాతనే ఇది వస్తున్నదని అమెరికా సైనికుల రక్తాన్ని పరీక్షించి 2022లో తేల్చినారు. అయితే ఆ వైరస్ పెద్దలలో దాదాపు అందరి ఒంటిలోనూ ఉండేదే. జబ్బు మాత్రం ఏ కొద్దిమందికో. ఒకరినుండి ఒకరికి అంటుకొనే వ్యాధి ఇది కాదు.

పేరు తెలియక బాధపడినవాడు డెస్టె. పేరు తెలిసిన తీరువల్ల కుమిలినవాడు మరొకడు. బ్రూస్ కమ్మింగ్స్ 1889లో ఇంగ్లండులోని బార్న్‌స్టపుల్‌లో పుట్టినాడు. పురుగులను, పక్షులను పరిశీలిస్తూ తనంతట తానే ప్రకృతిశాస్త్రం నేర్చి, లండనులోని ప్రకృతిశాస్త్ర మ్యూజియంలో ఉద్యోగం సంపాదించినాడు. బార్బెలియన్ అనే మారుపేరుతో అతడు ప్రకటించిన దినచర్యకు హెచ్.జి. వెల్స్ పీఠిక వ్రాసినాడు. అసలు పుస్తకమే వెల్స్ కల్పన అనుకొన్నవారూ లేకపోలేదు.

1915 సెప్టెంబరులో అతనికి వివాహమైనది. అది యుద్ధకాలం. నవంబరులో సైనిక వైద్యపరీక్షకు పోవలసి వచ్చినది. అతని వైద్యుడు ముద్రవేసిన ఉత్తరం ఒకటి చేతికిచ్చి అక్కడి అధికారికి చూపమన్నాడు. ఆ అధికారి గుండె విని, ఉత్తరం విప్పకుండానే పనికిరావని పంపివేసినాడు. తిరుగుప్రయాణంలో రైలులో కూర్చుండి కమ్మింగ్స్ ఆ ఉత్తరాన్ని విప్పినాడు. తన జబ్బు పేరు అతనికి తెలిసినది అప్పుడే. మరుసటి ఏట మరొక సంగతి బయటపడినది. వివాహానికి పూర్వమే ఆ వైద్యుడు ఆమెకు అంతా చెప్పి ఉన్నాడు. తెలిసి తెలిసి ఆమె అతనిని వరించినది. 1919 మార్చిలో పుస్తకం వెలువడినది. అక్టోబరులో అతడు మరణించినాడు.

దీనిని ప్రేమకథగా చదివి కంట తడిపెట్టవచ్చును. ఆమె చేసినది చిన్న త్యాగం కాదు. కాని ఒంట్లో జబ్బు ఉన్నవానికి తప్ప తక్కిన అందరికీ దానిని గూర్చి తెలియడం ఏమి న్యాయం? మన ఇండ్లలో నేటికీ ఇదే పద్ధతి. తండ్రినో భర్తనో గది వెలుపలికి పిలిచి చెప్పుతారు. ‘అమ్మాయికి తెలియనీయకండి, బెంగపెట్టుకొంటుంది’ అంటారు. పెండ్లికాని పిల్ల అయితే చెప్పనక్కరలేదు, నలుగురి చెవిని పడకుండా మందుచీటీలు సైతం బీరువాలో దాగుతవి. ఆ అమ్మాయి మాత్రం తన కాలు ఎందుకు ఈడ్చుకుపోతున్నదో తెలియక, తప్పు తనదే అనుకొంటుంది.

ఇందులో కంటికి కానరాని బాధ అలసట. పైకి మనిషి నిండుగా ఉంటుంది. పదిగంటలకే వంటింట్లో చతికిలబడిన కోడలిని చూచి అత్తగారు బద్ధకమంటుంది. వేడి దీనికి పగ. పొయ్యి సెగకు, రోళ్ళు పగిలే రోహిణికార్తె ఎండకు, పండుగనాటి వేడినీళ్ళ తలంటికి చూపు మసకబారుతుంది, కాళ్ళు తేలిపోతవి. శ్రమపడినప్పుడు చూపు తగ్గుతున్నదని 1890లో ఊట్‌హాఫ్ అనే జర్మను వైద్యుడు గుర్తించినాడు. ఒంటి వేడియే కారణమని ఆ తరువాత తెలిసినది. చల్లబడితే ఆ మసక దానంతట అదే పోతుంది. దానివల్ల జబ్బు ముదిరినట్లు కాదు. ఈ ఒక్క మాట తెలిసినా ఎన్ని ఇండ్లలోనో వేసవి కొంత నెమ్మదిగా గడుస్తుంది.

పూర్తిగా నయంచేసే మందు నేటికీ లేదు. అయితే వ్యాధి తిరగబెట్టడాన్ని తగ్గించే మొదటి మందుకు 1993లో అమెరికాలో అనుమతి లభించినది. ఆ తరువాత అనేకం వచ్చినవి. వాటి ఖరీదు సామాన్యునికి భారమే. నిర్ణయమూ సులువు కాదు. కంటినరాన్ని, వెన్నుపామును పట్టే న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే వ్యాధిని చాలాకాలం దీని రూపాంతరమే అనుకొన్నారు. రక్తపరీక్షతో దానిని వేరుగా గుర్తించే మార్గం 2004లో దొరికినది. మల్టిపుల్ స్క్లిరోసిస్‌కు వాడే కొన్ని మందులు దానికి హానిచేస్తవి. కనుక పేరు సరిగా తెలియడం ఇక్కడ వట్టి ముచ్చట కాదు. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మల్టిపుల్ స్క్లిరోసిస్‌ను వైకల్యాల పట్టికలో చేర్చినది. ధ్రువపత్రానికై పోయినప్పుడు ‘నడుస్తూనే వచ్చినావుగదా!’ అని ఎవరైనా అంటే ఏమి చెప్పాలో ఆ పట్టిక చెప్పదు.

నేడు ఎం.ఆర్.ఐ. చిత్రంలో మచ్చలు కనిపిస్తవి. 1838లో చచ్చినవారిలో చూచినదానిని బ్రతికి ఉన్నవారిలో చూడగలుగుతున్నారు. అయినా నాడీవైద్యుడు చిత్రం ఒక్కటి చూచి ఊరుకోడు. ఏ నెలలో ఏమి జరిగినది, ఎన్నాళ్ళున్నది, ఎట్లా తగ్గినది అని తరచి తరచి అడుగుతాడు. తేదీలు వేసి వ్రాసి తెచ్చిన కాగితం ఉంటే సంతోషిస్తాడు. ఆ ప్రశ్నలలో తప్పక వచ్చేది ఒకటున్నది: వెనుక ఎప్పుడైనా కొన్నాళ్ళు చూపు మసకబారి, దానంతట అదే బాగుపడినదా?