పొయ్యి వెలిగించే ముందు ఒక పిడికెడు

దానంలో ఎవరు ముందు అనగానే మనకు కోటీశ్వరులే గుర్తొస్తారు. అజీమ్ ప్రేమ్‌జీ, శివ్ నాడార్ పేర్లు చకచకా చెప్పేస్తాం. బ్రిటన్‌లోని చారిటీస్ ఎయిడ్ ఫౌండేషన్ మాత్రం 2024 దాకా లెక్క వేరే రకంగా వేసేది. గత నెలలో డబ్బు దానం చేశారా? ముక్కూమొహం తెలియనివాళ్లకు సాయపడ్డారా? ఏదైనా సంస్థకు ఉచితంగా పనిచేశారా? ఈ 3 ప్రశ్నలే అడిగేవారు. ఎంత ఇచ్చారన్న ఊసే ఉండేది కాదు.

ఈ లెక్కన 2024లో ఇండోనేషియా మొదటి స్థానంలో నిలిచింది, కెన్యా రెండో స్థానంలో. ఇండోనేషియాలో 90 శాతం మంది డబ్బు ఇచ్చామన్నారు. అంతకుముందు 2015 నుంచి 2017 దాకా వరుసగా మయన్మార్‌దే అగ్రస్థానం. ఇవేవీ ధనిక దేశాలు కావు.

మయన్మార్‌లో తెల్లవారగానే బౌద్ధ భిక్షువులు పాత్రలు పట్టుకుని వీధుల్లోకి వస్తారు. వాళ్లొచ్చే వేళకి ఇళ్లలో అన్నం వండి సిద్ధంగా ఉంటుంది. ఇండోనేషియా ముస్లింలకు జకాత్ ఉంది. నిర్ణీత పరిమితికి మించిన సొమ్ము ఏడాదిపాటు చేతిలో ఉంటే, అందులో రెండున్నర శాతం ఇచ్చేయాలి. ఇవ్వాలా వద్దా అన్న మీమాంసకు తావే లేదు.

మన దేశంలో ఇలాంటి ఏర్పాటు చూడాలంటే మిజోరం వెళ్లాలి. అక్కడి ప్రెస్బిటేరియన్ కుటుంబాల్లో వంటకు బియ్యం కొలిచాక ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోస్తుంది. పూటపూటా ఇదే తంతు. ఆ బియ్యాన్ని చర్చి మహిళలు ఇంటింటికీ తిరిగి పోగుచేసి అమ్ముతారు. ‘బుహ్‌ఫై థామ్’ అనే ఈ ఆచారం 1910లో మొదలైంది. మొదట్లో ఏటా పదుల రూపాయల్లో వచ్చిన రాబడి ఇప్పుడు కోట్లకు చేరింది. ఇచ్చిన గృహిణి పేరు ఏ శిలాఫలకం మీదా ఉండదు. గుడికో బడికో ఒక ఫ్యాను కొనిచ్చి, దాని మూడు రెక్కల మీదా పేరు రాయించుకునే మనవాళ్లకు ఇది కాస్త మింగుడుపడదు!

అలాగని మన దగ్గర అలాంటివాళ్లు లేకపోలేదు. కోనసీమలో లంకల గన్నవరం ఇల్లాలు డొక్కా సీతమ్మ, గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా వండి పెట్టారు. కులం అడగలేదు. ఏ సర్వే లెక్కకూ అందని దాత ఆవిడ. 1909లో కన్నుమూశారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది.