చేప లేని పోర్చుగల్ భోజనం

యూరోపియన్ యూనియన్ దేశాలలో తలసరి చేపల వాడకం పోర్చుగల్‌లోనే అత్యధికం. అది ఏడాదికి సుమారు 55 నుంచి 60 కిలోల మధ్య ఉంటుంది. ఆ దేశస్థులు అన్నిటికన్నా మిన్నగా భావించే బకల్యావ్, అంటే ఉప్పు పట్టించి ఎండబెట్టిన కాడ్ చేప, వారి సొంత తీరంలో దొరికేది కాదు. న్యూఫౌండ్‌లాండ్, నార్వే వంటి చలి సముద్రాల నుంచి శతాబ్దాలుగా తెచ్చుకుంటున్నది. అటువంటి దేశపు రాజధాని లిస్బన్‌లో, షియాదు ప్రాంతంలో పేరు తెచ్చుకున్న ‘ఆవో 26’ వంటి భోజనశాలలు సంప్రదాయ వంటకాలనే వీగన్ పద్ధతిలో వండి వడ్డించడం ఆ వంట చరిత్ర తెలిసినవారికి ఆసక్తి కలిగించే పరిణామం. వీగన్ ఆహారం అంటే మాంసం, చేప, గుడ్డుతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా వర్జించేది కనుక, తెలుగు ఇళ్లలో నిస్సందేహంగా శాకాహారమనిపించుకునే నేతి పప్పన్నం సైతం అందులో చేరదు.

ఈ వీగన్ వంటలు అసలు వంటకాలకు నకళ్లు మాత్రమేనన్న ఆక్షేపణ తరచుగా వినిపిస్తుంది గాని, పోర్చుగీసు వంటశాలకు ఒకదాని స్థానంలో మరొకటి వాడడం కొత్త కాదు. కాథలిక్ చర్చి శుక్రవారాలలోనూ, ఈస్టర్‌కు ముందు వచ్చే దీక్షాకాలంలోనూ మాంసాన్ని నిషేధించినందువల్లనే, కుళ్లకుండా కొండప్రాంతాలకు సైతం చేరగలిగిన ఎండుచేప అంతటి ప్రాముఖ్యం సంపాదించింది; అంటే నేడు మార్చరానిదిగా కనిపించే బకల్యావ్ ఒకనాడు మాంసానికి బదులుగా వచ్చినదే. చిక్కుడు జాతి పచ్చికాయలను పిండిలో ముంచి వేయించి, ‘తోటలోని చిన్న చేపలు’ అని పేరు పెట్టి తినే పైషీన్యూష్ ద ఓర్తా కూడా ఆ కోవలోదే; జపాన్ వారి టెంపురాకు మూలం 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు అక్కడికి తీసుకువెళ్లిన ఇటువంటి వేపుళ్లేనని చెబుతారు. 1497లో బలవంతంగా మతం మార్చబడిన యూదులు, పంది మాంసం తింటున్నట్టు ఇరుగుపొరుగుకు కనిపించడానికి, రొట్టె, వెల్లుల్లి, కోడి మాంసం కూరి అల్యెయ్‌రా అనే సాసేజ్‌ను తయారుచేసుకున్నారన్న కథనం ప్రచారంలో ఉంది. అందులో చరిత్ర పాలెంతో పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాలేదు. అయినా రొట్టె, వెల్లుల్లే ప్రాణంగా గల ఆ సాసేజ్ మాంసరహిత రూపంలోకి సులువుగా ఒదిగిపోయి నేడు దుకాణాలలో దొరుకుతున్నది.

వంటవారి నైపుణ్యానికి నిజమైన పరీక్ష బకల్యావ్ ఆ బ్రాష్. లిస్బన్‌లోని బైర్రు ఆల్తు పేటలో పుట్టినదిగా చెప్పే ఈ వంటకంలో, పీచులుగా విడదీసిన ఉప్పుచేపను, అగ్గిపుల్లలంత సన్నగా తరిగి వేయించిన బంగాళాదుంపలను ఉల్లిపాయలతో కలిపి, గిలకొట్టిన గుడ్లు పోసి, అవి పూర్తిగా గట్టిపడకముందే దించి, పైన నల్ల ఆలివ్ కాయలు, పార్స్లీ ఆకు చల్లుతారు. వీగన్ వంటవారు చేపకు బదులు తరచుగా లీక్ అనే ఉల్లిజాతి కాడలను సన్నగా తరిగి వాడతారు. గుడ్డుకు బదులుగా మెత్తని టోఫూనో, శనగపిండి జారునో పసుపుతో కలిపి పోస్తారు, గంధకపు వాసన గల మన నల్ల ఉప్పును చిటికెడు చేర్చి గుడ్డు వాసనను తెప్పించేవారూ ఉన్నారు. లీక్‌లో ఉప్పుచేప గట్టిదనం లేదు, సముద్రపు వాసనా లేదు. అయినా ఆలివ్ నూనెలో ఉల్లి, వెల్లుల్లి, బిర్యానీ ఆకుకు దగ్గరి పోలిక గల లారెల్ ఆకు నిదానంగా మగ్గించే ‘రెఫుగాదు’ సరిగా కుదిరితే పళ్లెంలో పోర్చుగల్ నిలుస్తుంది, ఎందుకంటే తెలుగు పప్పుకు తిరగమోత ఎంతో ఈ వంటలకు రెఫుగాదు అంత.

పోర్తు నగరంలో 1950లలో పుట్టిన ఫ్రాన్సెసీన్యా, అంటే రొట్టెల మధ్య పలురకాల మాంసం పేర్చి, చీజ్ కరిగించి, బీరు, టమాటా, మిరపతో కాచిన రసం పోసే వంటకం, వీగన్‌గా మార్చడం చూడడానికి అసాధ్యమనిపించినా నిజానికి తేలిక, ఎందుకంటే దాని రుచి ప్రధానంగా ఆ రసంలో ఉంటుంది. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడలు భారతదేశానికి చేర్చిన ఆ మిరపే గుంటూరు మిరపకూ మూలం కావడం వల్ల, ఆ కారం తెలుగువారి నాలుకకు కొత్తగా తోచదు.

తీపి దగ్గర మాత్రం ఈ ప్రయత్నం తడబడుతుంది. సన్యాసినులు, సన్యాసులు నివసించిన మఠాలలో గుడ్డులోని తెల్లసొనను వస్త్రాలకు గంజిగా వాడగా మిగిలిన పచ్చసొనతోనే పోర్చుగల్ మిఠాయిలు పెరిగాయని చెబుతారు. 1837 నుంచి లిస్బన్‌లోని బెలెంలో అమ్ముతున్న మీగడ టార్టు కూడా మఠపు వంటగది నుంచి వచ్చినదే. మొక్కజొన్న పిండి, సోయా పాలతో చేసిన టార్టులో దాల్చినచెక్క పరిమళం, పొరలుగా విరిగే పిండి రెండూ దక్కుతాయి గాని, పచ్చసొన ఇచ్చే చిక్కదనం దక్కదు. దానిని వేరొక మిఠాయిగా ఆస్వాదించడమే న్యాయం.

పోర్చుగల్‌లో 2017లో వచ్చిన 11వ నంబరు చట్టం ప్రభుత్వ పాఠశాలలు, విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు, జైళ్ల భోజనశాలలలో జంతు సంబంధ పదార్థాలేవీ లేని భోజనం ఒకటైనా ఉండాలని నిర్దేశించింది. ఇంత జరిగినా, అక్కడికి వెళ్లే తెలుగు శాకాహారులు మామూలు హోటళ్లలో అడిగి తినవలసిందే. ఆకుపచ్చగా అమాయకంగా కనిపించే కాల్దు వెర్ద్ అనే కేల్ ఆకు, బంగాళాదుంపల సూప్‌లో ఒక ముక్క పంది సాసేజ్ వేయడం ఆచారం, తోటలోని చిన్న చేపల పిండిలో సాధారణంగా గుడ్డు ఉంటుంది.