ఒకే కంప్యూటర్‌లో రెండు క్రోమ్‌లు, మూడు ఫైర్‌ఫాక్స్‌లు!

భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు ఇంటర్నెట్ సెంటర్లలో ఇప్పటికీ అక్కడక్కడా విండోస్ 7 కంప్యూటర్లు కనిపిస్తాయి. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14నే ఆగిపోయింది. ప్రింటర్ నడుస్తోంది, స్కానర్ నడుస్తోంది, మార్చడమెందుకు అనేది ఓనర్ లెక్క. ఆ లెక్కలో తప్పు పట్టడానికేం లేదు. చిక్కల్లా బ్రౌజర్‌తోనే. విండోస్ 7 మీద నడిచే చివరి క్రోమ్ 109, అది వచ్చింది 2023 జనవరిలో. ఫైర్‌ఫాక్స్ 115 దగ్గర ఆగింది. ఆ తర్వాత దానికి భద్రతా మరమ్మతులే తప్ప కొత్త సౌకర్యాలు రాలేదు.

ఇప్పుడు హైదరాబాద్‌లో కొత్త ల్యాప్‌టాప్ ముందు కూర్చుని వెబ్‌సైట్ కట్టే కుర్రాడి సంగతి చూద్దాం. సీఎస్ఎస్‌లో ఒక రూల్ లోపల ఇంకో రూల్ రాసే నెస్టింగ్ వాడాడనుకోండి. అతని క్రోమ్‌లో అంతా చక్కగా ఉంటుంది. కానీ నెస్టింగ్ క్రోమ్‌కి 112లో, ఫైర్‌ఫాక్స్‌కి 117లో వచ్చింది. అంటే విండోస్ 7 మీద ఆ రెండింట్లో ఏది తెరిచినా ఆ రూల్స్ పనిచేయవు. గడులు ఒకదాని మీద ఇంకోటి ఎక్కుతాయి, సబ్మిట్ బటన్ ఏ మూలకో పోతుంది. అది స్కాలర్‌షిప్ ఫారమ్ అయి, ఆ రోజే ఆఖరి తేదీ అయితే, మారుమూల గూడెం నుంచి బస్సెక్కి వచ్చిన పిల్లాడు "సైట్ పనిచేయట్లేదు" అనే మాట విని వెనక్కి పోవాల్సిందే. పైగా భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది, ఊరు దాటగానే ఎటపాక ఆంధ్రప్రదేశ్. 2014 తర్వాత ఇక్కడి సెంటర్లకి రెండు రాష్ట్రాల జనమూ వస్తారు, రెండు రాష్ట్రాల పోర్టళ్లూ అదే కంప్యూటర్‌లో తెరుచుకోవాలి.

వెబ్ డెవలపర్ కావాలన్నా, టెస్టింగ్‌లోకి వెళ్లాలన్నా ఒకే బ్రౌజర్‌తో సరిపెట్టుకోవడం కుదరదు. పాత వెర్షన్, ఇప్పటిది, రాబోయేది పక్కపక్కన నడపడం రావాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

క్రోమ్‌తో సులువు. విండోస్‌లో స్టేబుల్, బీటా, డెవ్, కానరీ నాలుగూ ఒకేసారి ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, దేని డేటా దానిదే. ఫైర్‌ఫాక్స్‌లో డెవలపర్ ఎడిషన్, నైట్లీ వేరే ఫోల్డర్లలోకి వెళ్తాయి. బీటా మాత్రం మామూలు ఫైర్‌ఫాక్స్ ఉన్న ఫోల్డర్‌లోకే వెళ్లాలని చూస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కస్టమ్ ఎంచుకుని వేరే ఫోల్డర్ చూపించండి, లేకపోతే ఉన్నదాని మీదే కూర్చుంటుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది ప్రొఫైల్ దగ్గర. బుక్‌మార్కులు, పాస్‌వర్డులు, హిస్టరీ అన్నీ ఉండేది అందులోనే. 2019 మేలో ఫైర్‌ఫాక్స్ 67 వచ్చేదాకా ఎన్ని ఫైర్‌ఫాక్స్‌లు వేసినా మామూలుగా అన్నీ ఒకే ప్రొఫైల్ వాడేవి. 67 నుంచి ఏ ఇన్‌స్టాలేషన్‌కి ఆ ప్రొఫైల్ వచ్చింది. కొత్త వెర్షన్ తెరిచిన ప్రొఫైల్‌ని పాతదానితో తెరవబోతే, కొత్త ప్రొఫైల్ చేసుకోమంటుంది. విసుగనిపించినా అది మన మంచికే. అడ్రస్ బార్‌లో అబౌట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ప్రొఫైల్స్ అని టైప్ చేస్తే ఉన్నవన్నీ కనిపిస్తాయి.

పాత క్రోమ్ కావాలంటే? 'క్రోమ్ ఫర్ టెస్టింగ్' అని గూగులే ఇస్తోంది. అది తనంతట తాను అప్‌డేట్ అవదు. మనకి కావాల్సిందీ అదే. కాకపోతే 113 నుంచే దొరుకుతుంది. 109 లాంటి వాటికి పాత క్రోమియం బిల్డ్‌లు వెతుక్కోవాలి. ఒక్కోదాన్ని ఒక్కో ఫోల్డర్‌లో విప్పి, షార్ట్‌కట్ టార్గెట్ చివర 'యూజర్ డేటా డిర్' ఆప్షన్‌తో విడి డేటా ఫోల్డర్ ఇస్తే ఒకదానితో ఒకటి తగువు పడవు. ఈ పాతవాటిలో బ్యాంకు లాగిన్లు, జీమెయిల్ మాత్రం వద్దు. వాటిలోని భద్రతా లోపాలు అందరికీ తెలిసినవే.

వెర్షన్ మారితే ఎంత తేడా వస్తుందో మన తెలుగుకి బాగా తెలియాలి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. అదే సమయంలో 11.3 బీటాలో ఆ ఇబ్బంది లేదు. ఆపిల్ ఆ నెల 19న 11.2.6 ఇచ్చి సరిచేసింది. తెలుగు సైట్ చేసేవాళ్లు ఒత్తులు, సంయుక్తాక్షరాలు ఉన్న పేజీ ఒకటి టెస్టింగ్‌కి సిద్ధంగా పెట్టుకోవాలి. లోరెమ్ ఇప్సమ్‌తో ఇవి బయటపడవు.

ఈ పనినే పెద్ద వ్యాపారంగా మార్చిన మనవాళ్లూ ఉన్నారు. ఐఐటీ బాంబేలో చదివిన రితేష్ అరోరా, నకుల్ అగర్వాల్ 2011లో మొదలుపెట్టిన బ్రౌజర్‌స్టాక్ అమ్మేది ఇదే: రకరకాల బ్రౌజర్లు, ఫోన్లు అద్దెకి. ఖమ్మం, కొత్తగూడెంలో ఇంజినీరింగ్ చదివేవాళ్లు ఇంటర్వ్యూకి సెలీనియం నేర్చుకుంటున్నారు, మంచిదే. అయితే రెజ్యూమెలో "సెలీనియం వచ్చు" అన్న ముక్క అందరికీ ఉంటుంది. మీ కాలేజీ ప్రాజెక్టునే నాలుగు వెర్షన్లలో నడిపి, ఎక్కడ విరిగింది, ఎలా సరిచేశారో స్క్రీన్‌షాట్లతో చూపించే రెండు పేజీలు చాలామందికి ఉండవు.

ఫోన్‌ని కూడా మర్చిపోకండి. ఆండ్రాయిడ్ 8, 9 ఫోన్లకి క్రోమ్ 138తోనే ఆగిపోయింది. ఇంట్లో అలాంటిది మూలన పడి ఉంటే ఛార్జింగ్ పెట్టి, మీ సైట్ ముందు అందులో తెరిచి చూడండి.