కిందపడ్డాకే అసలు ఆట!

కుస్తీలో వీపు నేలకు తగిలిందా... ఆట అయిపోయినట్టే. మట్టిగోదాలో దిగిన ప్రతి పహిల్వానుకీ తెలిసిన సంగతే ఇది. కానీ వీపు నేలకు ఆనాకే మొదలయ్యే ఆట ఒకటుంది. అందులో కిందున్నవాడు ఓడిపోయినట్టు కాదు. పైనున్నవాడు గెలిచినట్టూ కాదు. బక్కపలచటి మనిషి కొండంత మనిషితో ‘ఇక చాలు’ అనిపించే ఆ విద్య పేరు బ్రెజీలియన్‌ జియు-జిత్సు. మరి దాన్ని మందమర్రిలాంటి బొగ్గు పట్టణంలో ఉన్న కుర్రాడు నేర్చుకోవాలంటే? గురువు కావాలా, పుస్తకం చాలా?

ఈ ప్రశ్నకు జవాబు బొగ్గుగని కుటుంబాలకు ఎప్పుడో తెలుసు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ని నేరుగా బాయిలోకి దింపరు. ముందు వొకేషనల్‌ ట్రైనింగ్‌ సెంటర్‌కి పంపుతారు. ఆ తర్వాత కూడా సీనియర్ల వెంట ఉండి పని నేర్చుకోవాల్సిందే. సర్దార్‌ కావాలన్నా, ఓవర్‌మన్‌ కావాలన్నా గనిలో అనుభవం ఉండాలి, పుస్తకం చదివి పరీక్షా పాసవ్వాలి. చదవనివాడికి టికెట్‌ రాదు. అలాగని ఎంత చదివినా, పైకప్పును కర్రతో కొట్టినప్పుడు వచ్చే శబ్దంలో గట్టిదేదో గుల్లదేదో పుస్తకం చెప్పదు. పక్కన నిలబడి పెద్దాయన వినిపించాలి. జియు-జిత్సు సంగతీ అంతే!

లైబ్రరీలో దొరికిన పట్టు

ఇంతకీ ఈ విద్య మూలాలు జపాన్‌లో ఉన్నాయి. అక్కడ 1860లో పుట్టిన జిగోరో కానో చిన్నప్పుడు బలహీనంగా ఉండేవాడు. తోటి పిల్లలు ఏడిపించేవారు. ఆ కసితోనే 1877లో ఫుకుదా హచినోసుకె అనే గురువు దగ్గర జుజుత్సులో చేరాడు. అక్కడ ఫుకుషిమా అనే భారీకాయుడు ఉండేవాడు. కానో ఎన్నిసార్లు తలపడినా ఓటమే. గురువు నేర్పిన పట్లు అతని బరువు ముందు పనిచేయలేదు. సుమో పట్లు ప్రయత్నించినా ఫలితం లేదు. చివరికి కానో లైబ్రరీకి వెళ్లి పాశ్చాత్య కుస్తీ పుస్తకాలు తిరగేశాడు. మనిషిని భుజాల మీదికి ఎత్తుకునే పట్టు ఒకటి అక్కడ కనిపించింది. దాన్ని స్నేహితులతో కలిసి పదేపదే సాధన చేశాడు. ఆ తర్వాత ఫుకుషిమా గాల్లోకి లేచి నేలమీద పడ్డాడు!

1879లో గురువు చనిపోయినప్పుడు ఆయన దగ్గరున్న పాత రాతప్రతులు కానో చేతికి వచ్చాయి. వాటిని చదువుతూనే ఆయన మరో గురువును వెతుక్కున్నాడు. అలా గురువునీ గ్రంథాన్నీ రెండు చేతులా పట్టుకుని నడిచినవాడే 1882లో టోక్యోలో కోడోకాన్‌ పాఠశాలను పెట్టాడు. జూడో అక్కడే పుట్టింది.

మన దేశానికి ఈ విద్య కొత్తేమీ కాదు. విశ్వకవి రవీంద్రనాథ్‌ ఠాగూర్‌ 1905లోనే సానో జిన్నొసుకె అనే జపనీయుణ్ని శాంతినికేతన్‌కు రప్పించారు. 1929లో తకగాకి షింజో వచ్చి అక్కడి అబ్బాయిలతోపాటు అమ్మాయిలకూ జూడో నేర్పాడు.

బ్రెజిల్‌ మలుపు

కానో శిష్యుల్లో మిత్సుయో మయెదా ఒకడు. దేశదేశాలు తిరుగుతూ కుస్తీలు పట్టి, 1914లో బ్రెజిల్‌ చేరాడు. బెలెం పట్టణంలో స్థిరపడి అక్కడివాళ్లకు విద్య నేర్పాడు. కార్లోస్‌ గ్రేసీ అనే కుర్రాడు అక్కడ నేర్చుకున్నవాడే. కార్లోస్‌ తన తమ్ముళ్లను కూడా ఇందులోకి దింపాడు. వాళ్లలో చిన్నవాడు హీలియో (1913-2009). సన్నటి మనిషి కావడంతో బలం అక్కర్లేని పట్ల మీదే ధ్యాస పెట్టాడు. నిలబడి విసిరేయడం కన్నా నేలమీద ఓపిగ్గా పట్టు బిగించడం ఈ విద్యకు ప్రాణమైంది.

అయితే గ్రేసీల కథ ఒక్కటే చెబితే సగమే చెప్పినట్టు. మయెదా శిష్యుల్లో లూయిజ్‌ ఫ్రాన్సా ఉన్నాడు. ఆయన శిష్యుడు ఓస్వాల్దో ఫద్దా. గ్రేసీల అకాడమీకి రియో నగరంలోని డబ్బున్నవాళ్లు వచ్చేవారు. ఫద్దా మాత్రం శివారు బస్తీల్లోని పేద పిల్లలకు నేర్పాడు. 1950వ దశకంలో ఆయన పత్రికాముఖంగా గ్రేసీలకు సవాలు విసిరాడు. వాళ్ల శిష్యులతో తన శిష్యులను తలపడనిచ్చాడు. కాలి పట్లతో శివారు కుర్రాళ్లే పైచేయి సాధించారు. ‘అది బస్తీవాళ్ల పద్ధతి’ అని అప్పట్లో చిన్నచూపు చూసిన ఆ కాలి పట్లే ఇప్పుడు ప్రపంచ పోటీల్లో పతకాలు తెచ్చిపెడుతున్నాయి. కార్మికవాడల్లోని పిల్లలు గుర్తుపెట్టుకోవాల్సిన కథ ఇది.

ఇక ప్రపంచమంతా దీనివైపు తిరిగి చూసింది 1993 నవంబరు 12న. అమెరికాలోని డెన్వర్‌లో మొదటి అల్టిమేట్‌ ఫైటింగ్‌ ఛాంపియన్‌షిప్‌ జరిగింది. బాక్సరూ, కిక్‌బాక్సరూ, కుస్తీవీరుడూ... అందరూ ఒకే బరిలో. గెలిచింది మాత్రం సుమారు 80 కిలోల బరువున్న హీలియో కొడుకు రాయిస్‌ గ్రేసీ! ఒకే రాత్రి ముగ్గురితో తలపడి ముగ్గురినీ లొంగదీశాడు. తెలుగువాళ్లు ‘లైగర్‌’ సినిమాలో చూసిన మిక్స్‌డ్‌ మార్షల్‌ ఆర్ట్స్‌ పోటీలకు ఊపు వచ్చింది అక్కణ్నుంచే.

గడ్డపార సూత్రం

బక్కవాడు బలవంతుణ్ని ఎలా గెలుస్తాడు? కదలని బండరాయిని గడ్డపారతో కదిలించినట్టే. కింద చిన్న రాయి ఆనించి, రెండో కొసను నొక్కితే ఎంత బండైనా లేస్తుంది. ఈ ఆటలో మోచేతి పట్టు అచ్చం అలాంటిదే. ఎదుటివాడి చేయి గడ్డపార. పట్టినవాడి తుంటి ఆనిక రాయి. రెండు చేతులతో మణికట్టు పట్టుకుని తుంటిని పైకి లేపితే, ఒంట్లోని బలమంతా ఎదుటివాడి ఒక్క మోచేతి మీద పడుతుంది. ఎంత కండ ఉన్నా ఆ కీలు తట్టుకోలేదు.

మెడ పట్టు లెక్క వేరు. అందులో గొంతు నలపరు. మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలను నొక్కుతారు. సరిగ్గా పడితే సుమారు పది సెకన్లలో స్పృహ తప్పుతుంది. అందుకే ఈ విద్యలో మొట్టమొదటి పాఠం పట్టు కాదు... తట్టడం! ఎదుటివాడి ఒంటిమీదో నేలమీదో చేత్తో రెండుమూడుసార్లు తడితే ‘ఒప్పుకున్నా, వదిలేయ్‌’ అని అర్థం. తట్టిన మరుక్షణం వదలాలి.

తట్టకపోతే ఏమవుతుందో చెప్పడానికి 1951 అక్టోబరు 23 నాటి పోరు చాలు. రియోలోని మరకానా స్టేడియంలో జపాన్‌ జూడో వీరుడు మసహికో కిమురా, హీలియో గ్రేసీ తలపడ్డారు. కిమురా చేతిని వెనక్కి మెలిపెట్టాడు. హీలియో తట్టలేదు. చేయి విరిగింది. చివరికి అన్న కార్లోసే కల్పించుకుని పోటీ ఆపించాడు. ఆ పట్టుకు బ్రెజిల్‌వాళ్లు ‘కిమురా’ అని గెలిచినవాడి పేరే పెట్టుకున్నారు. ఓడించినవాణ్నీ గురువుగా తలచుకోవడం వీళ్ల గొప్పతనం. కానీ సాధనలో మాత్రం అలాంటి పంతం పనికిరాదు.

పుస్తకం ఎంతవరకు?

ఈ విద్య మీద మంచి పుస్తకాలకు కొదవలేదు. రెంజో, రాయ్‌లర్‌ గ్రేసీలు మరో ఇద్దరితో కలిసి 2001లో తెచ్చిన ‘బ్రెజీలియన్‌ జియు-జిత్సు: థియరీ అండ్‌ టెక్నిక్‌’ అందరికీ తెలిసింది. దాని రచయితల్లో ఒకడైన జాన్‌ డనహర్‌ది ఆసక్తికరమైన దారి. కొలంబియా విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదువుతూ, రెంజో శిష్యుడిగా చేరి, తర్వాత ప్రపంచంలోని పేరున్న కోచ్‌లలో ఒకడయ్యాడు.

2008లో వచ్చిన సాలో రిబెయిరో పుస్తకం ‘జియు-జిత్సు యూనివర్సిటీ’ది మరో తరహా. అందులో తెల్ల బెల్టు వాళ్లకు ముందు చెప్పేది గెలవడం గురించి కాదు, నలిగిపోకుండా నిలదొక్కుకోవడం గురించి. నీలం బెల్టుకు తప్పించుకోవడం, ఊదా బెల్టుకు కింద ఉండి కాళ్లతో కాచుకోవడం, గోధుమ రంగు బెల్టుకు ఆ కాపలాను దాటడం నేర్పుతుంది. లొంగదీసే పట్లు నల్ల బెల్టు దగ్గరే వస్తాయి. ఒకటో తరగతి పిల్లాడికి ముందు పలక పట్టుకోవడం నేర్పినట్టే ఉంటుందీ వరస.

అయితే బొమ్మ చూస్తే చేయి ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. ఎంత నొక్కాలో తెలియదు. మడమను మెలిపెట్టే పట్టునే తీసుకుంటే, అందులో నొప్పి తెలిసేలోపే మోకాలి లిగమెంట్లు తెగిపోవచ్చు. అందుకే అంతర్జాతీయ సమాఖ్య పోటీల్లో దాన్ని గోధుమ, నల్ల బెల్టుల పెద్దవాళ్లకే, అదీ కోటు వేసుకోని విభాగంలోనే అనుమతిస్తున్నారు. అలాంటి పట్టును ఇద్దరు కుర్రాళ్లు మేడమీద పుస్తకం తెరిచి పెట్టుకునో, సెల్‌ఫోన్లో వీడియో చూసో ప్రయత్నిస్తే... కాలు ఆపరేషన్‌ బల్లమీదికే!

మంచి పద్ధతి ఒకటుంది. ముందు తరగతి, తర్వాత పుస్తకం. ఆ రోజు గురువు చూపించిన పట్టును ఇంటికొచ్చి పుస్తకంలో వెతకాలి. తేడా కనిపిస్తే నోటుబుక్కులో రాసుకుని మర్నాడు అడగాలి. వారానికి పది పట్లు చూడటం కన్నా, ఒక్కదాన్నే తోటివాడితో నెమ్మదిగా వందసార్లు చేయడం మేలు.

గురువును ఎలా ఎంచుకోవాలి?

తల్లిదండ్రులు ముందు అడగాల్సింది ఫీజు కాదు. ‘మీకు బెల్టు ఎవరిచ్చారు?’ అని అడగాలి. ఈ విద్యలో గురుపరంపరకు విలువెక్కువ. నిజమైన శిక్షకుడు ఆ ప్రశ్నకు చిన్నబుచ్చుకోడు, సంతోషంగా చెబుతాడు. నల్ల బెల్టుకు సాధారణంగా పదేళ్లు అటూఇటూ పడుతుంది. సమాఖ్య నిబంధనల ప్రకారం 16 ఏళ్లు నిండే వయసు రాకుండా నీలం బెల్టూ, 19 రాకుండా నల్ల బెల్టూ ఇవ్వరు. ఆర్నెల్లలో నల్ల బెల్టు ఇప్పిస్తామన్నా, పన్నెండేళ్ల పిల్లాడి నడుముకు కట్టినా అనుమానించాల్సిందే.

తరువాత ఒకరోజు కూర్చుని తరగతి చూడాలి. పిల్లాడు తట్టగానే ఎదుటివాడు వదులుతున్నాడా? కొత్తవాణ్ని పాతవాళ్లు చితకబాదుతుంటే గురువు చూస్తూ ఊరుకుంటున్నాడా? పిల్లలకు వేరే తరగతి ఉందా? అమ్మాయిలు ఇబ్బంది లేకుండా సాధన చేస్తున్నారా? చాపలు రోజూ కడుగుతున్నారా? ఒళ్లూ ఒళ్లూ రాసుకునే ఆట ఇది. శుభ్రత లేకపోతే తామర ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. గోళ్లు కత్తిరించుకోవాలి. చర్మం మీద మచ్చలొస్తే తగ్గేదాకా ఇంట్లో ఉండాలి. చెవికి దెబ్బ తగిలి రక్తం గడ్డకడితే వెంటనే డాక్టరుకు చూపించాలి. లేకపోతే ఆకారమే మారిపోతుంది.

‘ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకు?’ అనేవాళ్లు వందేళ్ల కిందట లండన్‌లోనూ ఉన్నారు. అయిదడుగులు కూడా లేని ఎడిత్‌ గారుడ్‌ అక్కడ ఓటుహక్కు కోసం పోరాడుతున్న మహిళలకు జుజుత్సు నేర్పింది. మీద పడ్డ మనిషిని తప్పించుకుని లేవడం ఈ విద్యలో తొలి పాఠాల్లో ఒకటి కాబట్టి, అమ్మాయిలకు ఇది నిజంగా ఉపయోగమే. అయితే నెల రోజుల తరగతితో ధీమా పడకూడదు. తప్పించుకున్నాక చేయాల్సింది పోరాటం కాదు, పరుగు!

మందమర్రి నుంచి దారి

హైదరాబాద్‌లో ఈ విద్య నేర్పే కేంద్రాలున్నాయి. మందమర్రి కుర్రాడికి అది కాజీపేట మీదుగా రైలు ప్రయాణం. రోజూ వెళ్లొచ్చేది కాదు. మరి ఆశ వదులుకోవాలా? అక్కర్లేదు. జియు-జిత్సుకు అన్నదమ్ముల్లాంటివి జూడో, కుస్తీ. ఈ రెండూ ఒలింపిక్‌ క్రీడలు. స్కూలు పోటీల్లోనూ ఉన్నాయి. దగ్గర్లో జూడో కోచో కుస్తీ మాస్టారో దొరికితే చాలు. సరిగ్గా పడటం, పట్టు నిలపడం, ఎదుటివాడి బరువును అంచనా వేయడం వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు. ఆ పునాది మీద సెలవుల్లో నగరానికి వెళ్లి కొన్ని వారాలు జియు-జిత్సు శిక్షణ తీసుకుని, మిగతా ఏడాది పుస్తకం సాయంతో సాధన చేయొచ్చు.

ముందున్న దారి కూడా చిన్నదేం కాదు. 2018 జకార్తా క్రీడల నుంచి జియు-జిత్సు ఆసియా క్రీడల్లో పతకాల ఆటైంది. మన జిల్లాల వాళ్లు పొట్ట చేతపట్టుకుని వెళ్లే యూఏఈ సంగతే చూడండి. 2008 నుంచి అక్కడి బడుల్లో దీన్ని పిల్లలకు పాఠంగా నేర్పుతున్నారు.

పతకం వచ్చినా రాకపోయినా ఒకటి మాత్రం ఖాయం. రోజూ తనకన్నా బలమైనవాడి కింద నలుగుతూ, ఊపిరి బిగబట్టకుండా, కంగారుపడకుండా సందు వెతుక్కోవడం అలవాటవుతుంది. అవసరమైనప్పుడు సిగ్గుపడకుండా ‘ఓడిపోయా’ అని తట్టి, మళ్లీ లేచి చేయి కలపడం అలవాటవుతుంది. పరీక్ష తప్పినా, ఉద్యోగం చేజారినా ఆ అలవాటే నిలబెడుతుంది. నేల మాళిగల్లోంచి బొగ్గు తీసుకొచ్చి దేశానికి వెలుగిచ్చే ఊళ్లకు... కింద ఉన్నంత మాత్రాన ఓడినట్టు కాదని మరొకరు చెప్పాలా!