కునుకెరుగని కాపరి

ఓరుగల్లు కోట కీర్తితోరణాల నడుమ నిలిచినప్పుడు మీకు ఒక సంగతి స్ఫురించే ఉంటుంది: ఇంతటి రాతికోటకు లోపించినది బలము కాదు, మెలకువ. ఉలుగ్ ఖాన్ తొలి ముట్టడి విఫలమై వెనుదిరగగానే ప్రతాపరుద్రుడు ఆపద తీరినదని తలచాడు. ధాన్యాగారాలు ఖాళీ అయ్యాయని, గోడల మరమ్మతు సాగలేదని చరిత్రకారులు చెబుతారు. కొద్ది నెలలకే శత్రువు తిరిగివచ్చాడు. 1323లో కోట పడిపోయింది. బందీగా ఢిల్లీకి వెళుతూ ఆ మహారాజు (శూరుడే, సందేహం లేదు) నర్మదా తీరాన తనువు చాలించాడు.

ఆ ఓరుగల్లు చెంతనే, ఐనవోలులో, గొల్లకురుమల ఇలవేల్పు మల్లన్న కొలువై ఉన్నాడు. మంద కాచేవారికి తోడేలు వచ్చిన రాత్రి కన్నా, అది వెళ్లిపోయిన మరునాటి రాత్రే పరీక్ష. అందుకే వారు మందను పశుపతికి అప్పగించి కూడా చేతికర్ర దించరు. సంక్రాంతి జాతరకు వెళ్లినప్పుడు, నుదుట బండారి దిద్దుకొని, ఒగ్గు డోలు నడుమ వారు స్వామికి చేసే మొక్కును ఒకసారి చెవి ఒగ్గి వినండి.