అడిగి మరీ వచ్చే దొంగ

2004 జూన్‌లో యాంటీవైరస్ పరిశోధకుల చేతికి ఒక చిన్న ఫైల్ వచ్చింది. నోకియా తయారుచేసిన సింబియన్ ఫోన్లలో పాకే ఆ ప్రోగ్రాంకు ‘కేబిర్’ అని పేరు పెట్టారు. ఫోన్ నుంచి ఫోన్‌కు తనంతట తాను వ్యాపించిన తొలి మాల్వేర్‌గా అది చరిత్రకెక్కింది. అది డబ్బు దోచలేదు. తెర మీద ఒక పదం చూపించి, బ్లూటూత్‌తో చుట్టుపక్కల ఫోన్ల కోసం వెతుకుతూనే ఉండేది. ఆ వెతుకులాటకే బ్యాటరీ అయిపోయేది. 2005లో హెల్సింకీ ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలకు వచ్చిన ప్రేక్షకుల ఫోన్లలోకీ పాకింది.

అయితే కేబిర్ తలుపు పగలగొట్టుకుని రాలేదు. ఫైల్ తీసుకోవాలా, ఇన్‌స్టాల్ చేయాలా అని ఫోన్ అడిగేది. ‘అవును’ అని నొక్కితేనే లోపలికి వచ్చేది. పెగాసస్ లాంటి నిఘా సాధనాలు ఏమీ నొక్కకుండానే చొరబడగలవు గానీ, అవి ఎంచుకున్న కొద్దిమంది మీద ప్రయోగించేవి. మామూలు జనాన్ని దోచే మాల్వేర్ నేటికీ చాలావరకు మన వేలి కోసమే కాచుకుని ఉంటుంది.

2010లో ఆండ్రాయిడ్‌లో బయటపడిన ‘ఫేక్‌ప్లేయర్’ వీడియో ప్లేయర్ వేషంలో వచ్చి, రష్యాలో ఖరీదైన నంబర్లకు ఎస్సెమ్మెస్‌లు పంపింది. వీడియోలు చూపించే యాప్‌కు ఎస్సెమ్మెస్ అనుమతి ఎందుకు? దొంగను పట్టిచ్చే ప్రశ్న అదే.

తర్వాత ఐరోపాను వణికించిన ‘ఫ్లూబాట్’ పార్సిల్ వచ్చిందంటూ సందేశం పంపి, యాప్ వేయించి, యాక్సెసిబిలిటీ అనుమతి అడిగేది. చూపు లేనివారికి తెర మీది అక్షరాలు చదివి వినిపించడం వంటి మంచి పనుల కోసం పుట్టిన సదుపాయం అది. దాన్ని చేజిక్కించుకున్న మాల్వేర్ తెరను చదువుతుంది, బ్యాంకు యాప్ మీద నకిలీ పేజీ పరుస్తుంది, తనను తీసేయబోతే అడ్డుపడుతుంది. 11 దేశాల పోలీసులు చేతులు కలిపాక, 2022లో నెదర్లాండ్స్ పోలీసులు దాని వ్యవస్థను స్తంభింపజేశారు. మన వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖగా, ట్రాఫిక్ చలానాగా వచ్చే ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైళ్లదీ ఇదే దారి.

వాడకపోయినా ఫోన్ వేడెక్కడం, డేటా కరిగిపోవడం, మనం పంపని సందేశాలు వెళ్లడం అనుమానించాల్సిన గుర్తులు. పాత బ్యాటరీ కూడా వేడెక్కుతుంది కనుక అంతటితో తేల్చేయకూడదు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్, ఎస్సెమ్మెస్ అనుమతులు ఏ యాప్‌లకు ఉన్నాయో చూడండి. తెలియని పేరు చాలావరకు అక్కడే దొరుకుతుంది.

దొరికితే ముందు వైఫై, మొబైల్ డేటా ఆపండి. ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో తెరవండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెర మీది పవర్ ఆఫ్ గుర్తును నొక్కి పట్టుకుంటే ఆ దారి కనిపిస్తుంది. అక్కడ మనం వేసుకున్న యాప్‌లు నిద్రపోతాయి కాబట్టి దొంగ అడ్డుపడలేడు. ఇచ్చిన అనుమతులు వెనక్కి తీసుకుని, ఆ తర్వాత యాప్‌ను తొలగించండి. లొంగకపోతే ఫొటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. పాస్‌వర్డ్‌లు మాత్రం వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌ను ఈరోజే ఒకసారి తెరిచి, ఆ మూడు అనుమతులూ వాళ్ల పక్కన కూర్చుని చూడండి.